విమానం వెనక్కి వచ్చింది, పైలట్ ఆడియో గ్రూపుల్లో తిరుగుతోంది: షేర్ చేయొచ్చా?

రాయచోటి_అక్క | రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ రోజు మధ్యాహ్నం బెంగళూరులో కువైట్ ఫ్లైట్ ఎక్కాడు. బయల్దేరిన ముప్పావు గంటకే ఆ ఫ్లైట్ తిరిగి బెంగళూరులోనే దిగింది. వాడు ఫోన్ చేసి, "ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అంటక్కా, అందరం బాగున్నాం" అన్నాడు. ఆ మాటతో ఊపిరి పీల్చుకున్నాం. కానీ సాయంత్రం నుంచి మా ఊరి కువైట్ గ్రూపులో ఒక ఆడియో తిరుగుతోంది. ఈ ఫ్లైట్ పైలట్ టవర్‌తో మాట్లాడిన మాటలే అని కింద రాశారు. ఇంజిన్ అంటాడు, మేడే అంటాడు, వెనకాల ఏదో అలారం మోగుతూ ఉంటుంది. అది విన్నప్పటి నుంచి మా అమ్మ అన్నం ముట్టలేదు. తమ్ముడు నిజం దాస్తున్నాడని ఆమె అనుమానం.

విమానం ఇలా వెనక్కి రావడం అంత ప్రమాదమా? ఇంకో సంగతి, ఆ ఆడియో పంపమని చుట్టాలు అడుగుతున్నారు. పంపితే చట్టపరంగా ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

హంద్రీ_తీరం | రాత్రి 9:01

అక్కా, ముందు అమ్మ చేత అన్నం తినిపించండి. తమ్ముడే స్వయంగా ఫోన్ చేశాడు కదా, అంతకన్నా పెద్ద వార్త లేదు. నేను ఫ్లైట్‌రాడార్‌లో రోజూ విమానాలు చూస్తుంటాను. వెనక్కి తిరిగినవి అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి. దాదాపు అన్నీ మామూలుగానే దిగుతాయి.

నాదీ ఒక సందేహం. అంత కష్టంగా ఉంటే బెంగళూరు దాకా పోవడమెందుకు? మన ఓర్వకల్లులోనో కడపలోనో దించొచ్చు కదా?

పాత_టవర్ | రాత్రి 9:20

ఏటీసీలో, అంటే విమానాలకు రేడియోలో దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో, పనిచేసి రిటైరై అనంతపురంలో ఉంటున్నాను. అమ్మా, మీ మొదటి ప్రశ్నకు కాస్త వివరంగా చెబుతాను, మీ అమ్మగారికి చదివి వినిపించండి.

విమానం వెనక్కి తిరిగిందంటే పైలట్ చేతిలో ఇంకా అవకాశాలు ఉన్నాయని అర్థం. నాలుగు గంటలకు పైగా పట్టే ప్రయాణం అది, అందులో చాలా దూరం సముద్రం మీదుగా పోవాలి. బయల్దేరగానే ఏ చిన్న లోపం కనబడినా, దాన్ని మోసుకుంటూ అరేబియా సముద్రం దాటడం కంటే, ఇంజనీర్లూ విడిభాగాలూ ఇంకో విమానమూ ఉన్న చోటికే తిరిగి రావడం మంచి నిర్ణయం. కారణం ప్రాణాపాయమే కానక్కర్లేదు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సరిగా నిలవకపోవచ్చు, వాతావరణ రాడార్ పనిచేయకపోవచ్చు, పక్షి తగిలి ఉండొచ్చు, ప్రయాణికుడికి గుండెనొప్పి రావచ్చు. 2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీ బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం, మరుగుదొడ్లు పూడుకుపోయి చాలావరకు పనిచేయకపోవడంతో గంటల ప్రయాణం తర్వాత షికాగోకే తిరిగి వెళ్లింది.

కొన్నిసార్లు వెనక్కి వచ్చిన విమానం వెంటనే దిగకుండా ఊరి మీద చుట్లు కొడుతుంది. అది చూసి జనం మరీ భయపడతారు. దానికి కారణం బరువు. ఏ320 రకం విమానం సుమారు 78 టన్నులతో లేవగలదు కానీ, మామూలుగా దిగాల్సింది 66 టన్నుల అటూ ఇటూ బరువుతో. తేడా అంతా ఎక్కువగా ఇంధనమే. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానాలకు గాల్లోనే ఇంధనం వదిలే ఏర్పాటు ఉంటుంది. ఏ320కీ 737కీ అది లేదు. కాబట్టి తిరిగి తిరిగి కాల్చుకోవాల్సిందే. 2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో హైడ్రాలిక్ లోపం వచ్చింది. 141 మందితో రెండున్నర గంటల దాకా చుట్లు కొట్టి క్షేమంగా దిగింది. టీవీల్లో ఆ రెండున్నర గంటలూ ఎంత టెన్షన్ పెట్టారో గుర్తుండే ఉంటుంది. నిజంగా మంటలో పొగో ఉంటే అలా తిరగరు. బరువు ఎక్కువున్నా నేరుగా దించేస్తారు. దించాక ఇంజనీర్లు పరీక్ష చేస్తారు. విమానాన్ని ఆ మాత్రం తట్టుకునేలాగే కడతారు.

హంద్రీ, నీ సందేహానికి. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు, కడపదీ ఇంచుమించు అంతే. బరువుగా ఉన్న ఏ320 దిగితే బ్రేకుల మీద విపరీతమైన భారం పడుతుంది. బెంగళూరులో 4,000 మీటర్ల రన్‌వేలు రెండున్నాయి. పైగా కువైట్ పోయే విమానం వాయవ్య దిక్కుగా పోతుంది, మన వైపు రాదు. దించినా మన దగ్గర ఇమిగ్రేషన్ లేదు, అంత విమానాన్ని చూసుకునే సిబ్బంది లేరు. వేరే దారే లేనప్పుడు ఎక్కడ రన్‌వే ఉంటే అక్కడే దించుతారు, అప్పుడు ఇవేవీ చూడరు.

అనంత_కేడెట్ | రాత్రి 9:31

సార్ చెప్పినదానికి ఒక చేర్పు. మన కడప, కర్నూలు ఫ్లైట్లు ఏటీఆర్‌లు (పంకాలతో నడిచే చిన్న విమానాలు) కదా, వాటికి ఈ బరువు గొడవ దాదాపు ఉండదు. ఏటీఆర్ 72-600 లేచే గరిష్ఠ బరువు 23,000 కిలోలు, దిగే గరిష్ఠ బరువు 22,350. అందుకే అవి వెనక్కి తిరిగితే వెంటనే దిగిపోతాయి.

అలాగని ప్రతిసారీ వెనక్కి తిరగడమే సరైన పని అనుకోవద్దు. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం వడగళ్ల మేఘంలో చిక్కుకుంది. పాకిస్తాన్ గగనతలంలోకి తప్పుకోవడానికి లాహోర్ ఏటీసీని అనుమతి అడిగితే ఇవ్వలేదు. ముందు వెనక్కి తిరగబోయారు, కానీ అప్పటికే మేఘం మీదికి వచ్చేసింది, దాంతో నేరుగా దాటుకుని శ్రీనగర్‌లో దించారని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. 2009లో పక్షులు తగిలి ఇంజిన్లు దెబ్బతినడంతో న్యూయార్క్ హడ్సన్ నదిలో దించిన విమానం సంగతీ అంతే. వెనక్కి తిరగమని కంట్రోలర్ రన్‌వే కూడా ఇచ్చాడు. తర్వాత సిమ్యులేటర్‌లో చూస్తే, పక్షులు తగిలిన క్షణమే తిప్పిన ప్రయత్నాల్లో కొన్ని రన్‌వే చేరాయి. మనిషి ఆలోచించుకోవడానికి పట్టే 35 సెకన్లు కలిపితే చేరలేదు. 155 మందీ బతికింది నదిలో దించడం వల్లే.

రాయచోటి_అక్క | రాత్రి 9:40

చాలా థాంక్స్ సార్. అమ్మకు చదివి వినిపించాను, కొంచెం ధైర్యం వచ్చింది. కానీ ఆడియోలో మేడే అని స్పష్టంగా ఉంది కదా అంటోంది. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, విని అర్థమైన ముక్కలు రాసిచ్చాడు. "ఇంజిన్ నంబర్ టూ", "రిటర్నింగ్", "సోల్స్ ఆన్ బోర్డ్", "ఆల్టిమీటర్ త్రీ జీరో వన్ టూ", "కాంటాక్ట్ అప్రోచ్ వన్ టూ ఫోర్ పాయింట్ త్రీ".

పాత_టవర్ | రాత్రి 9:52

అమ్మా, ఇది బెంగళూరు ఆడియో కాదు. మీ అబ్బాయి రాసిన ముక్కల్లోనే రుజువు ఉంది.

మన దేశంలో కంట్రోలర్ పైలట్‌కు గాలి పీడనం చెప్పేటప్పుడు క్యూఎన్‌హెచ్ అంటాడు, అంకె హెక్టోపాస్కల్స్‌లో ఉంటుంది, "క్యూఎన్‌హెచ్ వన్ జీరో వన్ టూ" అన్నట్టు. "ఆల్టిమీటర్ త్రీ జీరో వన్ టూ" అంటే 30.12 అంగుళాలు. అది అమెరికా, కెనడా వైపు పద్ధతి. ఫ్రీక్వెన్సీ చెప్పేటప్పుడు కూడా మనవాళ్లు "డెసిమల్" అంటారు. "పాయింట్" అనేది అమెరికా అలవాటు. ఎన్నో ఏళ్లు ఈ మాటల మధ్యే బతికాను, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఎక్కడో అమెరికాలో ఎప్పుడో జరిగిన ఘటన ఆడియోకి ఈ రోజు పేరు తగిలించి ఎవరో వదిలారు. ఇంత దుర్మార్గం ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు. వందల ఇళ్లలో ఈ రాత్రి మీ అమ్మగారిలాగే ఎంతమంది ఉన్నారో.

ఇంకో మాట. నిజంగా మన విమానమే అయినా "మేడే" విని గుండె ఆపుకోనక్కర్లేదు. మేడే అంటే వెంటనే సాయం కావాలని. దాని కంటే ఒక మెట్టు కింద "పాన్ పాన్" ఉంటుంది, అత్యవసరమే కానీ ఈ క్షణం ప్రాణాపాయం లేదని. ఏదన్నా సరే, ఆ మాట వినగానే మేం మిగతా విమానాలన్నీ పక్కకు జరిపి దారి ఇస్తాం, ఫైరింజన్లు రన్‌వే పక్కన నిలబెడతాం. ఎంతమంది ఉన్నారు, ఇంధనం ఎంత ఉంది అని అడుగుతాం. అది మామూలు పని, వినేవాళ్లకు మాత్రం చావు కబురులా ఉంటుంది.

రాయచోటి_అక్క | రాత్రి 9:58

దేవుడా. సార్, మీకు చేతులెత్తి మొక్కుతున్నా. ఇప్పుడే గ్రూపులో పెడతాను.

ప్రొద్దుటూరు_విలేకరి | రాత్రి 10:10

ఈసారి ఆడియో ఫేక్ అని తేలింది, మంచిదే. కానీ అసలు సమస్య వేరే ఉంది. కంపెనీలు ఎప్పుడూ "సాంకేతిక కారణం" అనే రెండు మాటలతో సరిపెడతాయి. జనానికి నిజం చెప్పేవాళ్లు లేకపోతేనే ఇలాంటి క్లిప్పులు పుట్టేది. అమెరికాలో ఏటీసీ రేడియోని ఎవరైనా వినొచ్చు, లైవ్‌ఏటీసీ అనే సైట్‌లో ఇరవై నాలుగు గంటలూ వస్తుంది. హడ్సన్ ఘటనలో కంట్రోలర్ ఆడియోని వాళ్ల ప్రభుత్వమే మూడు వారాల్లో బయటపెట్టింది. ఆకాశం దేవరహస్యం కాదు. ఇక్కడ మాత్రం వింటేనే నేరమంటారు. ఎందుకు?

కర్నూలు_వకీలు | రాత్రి 10:34

చట్టం సంగతి నేను చెబుతాను.

మన దగ్గర 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. మామూలు రేడియో సెట్‌కి కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన రోజులు మన పెద్దవాళ్లకు తెలుసు, 1980ల్లో అది తీసేశారు. ప్రసార కేంద్రాలు వినడానికి మినహాయింపు వచ్చింది కానీ, విమానాల బ్యాండుకు రాలేదు. 1933 చట్టం, 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. అందులో సెక్షన్ 42 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. సందేశాన్ని చట్టవిరుద్ధంగా అడ్డగించి వింటే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ.

దీనికి మూలం అంతర్జాతీయంగానే ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నిబంధనల్లో ఆర్టికల్ 17 ఉంది. సాధారణ ప్రజల కోసం కాని రేడియో సంభాషణల్ని అనుమతి లేకుండా వినడాన్నీ, వాటిలోని విషయాన్ని బయటపెట్టడాన్నీ సభ్యదేశాలు నివారించాలని అది చెబుతుంది. బ్రిటన్‌లో 2006 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం సెక్షన్ 48 కింద రెండూ నేరమే. అందుకే లైవ్‌ఏటీసీ సైట్‌లో బ్రిటన్ విమానాశ్రయాలు ఉండవు. జర్మనీలోనూ నిషేధమే. అమెరికా 1986లో తన చట్టంలో విమాన రేడియో వినడాన్ని ప్రత్యేకంగా మినహాయించింది. అంటే విలేకరి గారు చెప్పేది అమెరికా చట్టం అక్కడి ప్రజలకు ఇచ్చిన వెసులుబాటు. దాన్ని ఇక్కడ హక్కుగా వాదించలేం.

అక్క గారి విషయంలో, వచ్చిన క్లిప్పు అబద్ధమని తెలిశాక కూడా "మన ఫ్లైటే" అని పంపితే అది వేరే తలనొప్పి. పుకార్లతో జనంలో భయం రేపడం మీద భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 353 ఉంది. మామూలు ఫార్వర్డ్ మీద ఆ సెక్షన్ నిలబడటం కష్టమే అని నా అభిప్రాయం. కానీ స్టేషన్ మెట్లెక్కడమే ఒక శిక్ష కదా. పంపకండి. తప్పని చెబుతూ పాత_టవర్ గారి వివరణ పంపండి.

గండికోట_హ్యామ్ | రాత్రి 10:51

హ్యామ్ (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్సు ఉన్నవాణ్ని, జమ్మలమడుగు దగ్గర ఉంటాను. కుర్రాళ్లు చాలామంది నన్ను అడిగే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. టీవీ డాంగిల్ లాంటి చిన్న యూఎస్‌బీ ముక్క ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. దాన్ని లాప్‌టాప్‌కి తగిలిస్తే ఎఫ్‌ఎం బ్యాండు పైన 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న విమానాల మాటలు వినబడతాయి. అవి పాత మీడియం వేవ్ లాగే ఏఎం పద్ధతిలో వస్తాయి, ఎలాంటి తాళమూ లేదు. సులువుగా దొరుకుతుంది కాబట్టి చట్టబద్ధమే అనుకుంటారు. మాలాంటి లైసెన్సు ఉన్నవాళ్లకు కూడా అనుమతి హ్యామ్ బ్యాండ్ల వరకే, 144 నుంచి 146 లాంటివి. విమానాల బ్యాండు మాది కాదు.

ఫోన్లో రికార్డు చేసి స్టేటస్ పెట్టే పిల్లలకు దయచేసి ఈ మాట చెప్పండి. పరికరం మీద మోజు ఉంటే హ్యామ్ పరీక్ష రాయండి. పన్నెండేళ్లు నిండితే చాలు. నేను నేర్పిస్తాను, పైసా తీసుకోను.

ప్రొద్దుటూరు_విలేకరి | రాత్రి 11:04

వకీలు గారూ, చట్టం ఏముందో చెప్పారు, సరే. అది న్యాయంగా ఉందా అన్నది నా ప్రశ్న. తాళం లేకుండా గాల్లోకి వదిలిన మాట వింటే మూడేళ్లా?

పాత_టవర్ | రాత్రి 11:25

శిక్ష ఎంత ఉండాలన్నది చట్టసభలు చూసుకోవాలి. మైక్ ముందు కూర్చున్నవాడిగా నా వైపు మాట చెబుతాను.

ఆ రేడియోలో మేం ఏదీ దాచుకోకుండా మాట్లాడతాం. పైలట్ "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటాడు. కంట్రోలర్ తప్పు చెప్పి వెంటనే దిద్దుకుంటాడు. అంత తెరిచిన మనసుతో మాట్లాడబట్టే విమానాలు క్షేమంగా దిగుతున్నాయి. అందులో ఒక్క పది సెకన్లు కోసి, కింద ఒక హెడ్డింగ్ పెట్టి లక్షమందికి పంపితే, రేపటి నుంచి మేం మాట కూడబెట్టుకుని మాట్లాడతాం. పైలట్ మేడే అనడానికి జంకుతాడు. ఆ జంకు ప్రాణాలు తీస్తుంది. ప్రమాద దర్యాప్తుల కోసం ఉన్న అంతర్జాతీయ నిబంధన, అనుబంధం 13, కాక్‌పిట్ రికార్డర్‌తో పాటు ఏటీసీ రికార్డింగులకూ రక్షణ ఇచ్చేది ఇందుకే.

అహ్మదాబాద్ ఘటన గుర్తుచేసుకోండి. 2025 జూన్ 12 తర్వాత పైలట్ చివరి మాటలంటూ ఎన్నెన్నో వాక్యాలు వార్తల్లో, ఫోన్లలో తిరిగాయి. నెల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. ఏటీసీకి అందిన పిలుపుగా అందులో ఉన్నది "మేడే" మూడుసార్లు, అంతే. కంట్రోలర్ కాల్ సైన్ అడిగాడు, జవాబు రాలేదు. ఆ కుటుంబాల వాళ్లు అంతకుముందు నెల రోజులు ఏ మాటలు నమ్మి ఏడ్చి ఉంటారు?

మీరు చెప్పిన ఒక్క విషయంలో మాత్రం మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. "సాంకేతిక కారణం" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం తప్పు. హైడ్రాలిక్ అయితే హైడ్రాలిక్ అని, పక్షి అయితే పక్షి అని గంటలోపే చెప్పొచ్చు. మీ పత్రిక గట్టిగా అడగాల్సింది దాని గురించి.

ప్రొద్దుటూరు_విలేకరి | రాత్రి 11:33

ఆ జంకు విషయం నేను ఆలోచించలేదు సార్. అయినా నేను ఒక సవరణ అడుగుతాను. దర్యాప్తు దెబ్బతినదు అనుకున్నప్పుడు, హడ్సన్‌లో లాగా అధికారులే పూర్తి ఆడియో బయటపెట్టాలి. పూర్తి ఆడియో జనం దగ్గరుంటే కోసిన ముక్కలకు విలువే ఉండదు.

పాత_టవర్ | రాత్రి 11:37

దానికి నాకేమీ అభ్యంతరం లేదు. మొత్తం ఉండాలి, అధికారికంగా ఉండాలి.

రాయచోటి_అక్క | రాత్రి 11:48

తమ్ముడితో మాట్లాడాను. రేపు ఉదయం వేరే విమానంలో పంపుతారంట, హోటల్ ఇచ్చారంట. ఎల్లుండి డ్యూటీలో చేరాలి, ఆలస్యమైతే కఫీల్ (అక్కడి యజమాని) ఒప్పుకుంటాడా అని వాడి భయం. దీనికి ఏమైనా దారి ఉందా?

హంద్రీ_తీరం | రాత్రి 11:55

ఎయిర్‌లైన్ కౌంటర్లో విమానం వెనక్కి వచ్చిందని, ఎప్పటికి పంపుతున్నారని రాసి ఉన్న కాగితం అడగమనండి అక్కా. అడిగితే ఇస్తారు. ఫోటో తీసి ఇప్పుడే కఫీల్‌కి పంపమనండి. పాత బోర్డింగ్ పాస్ పారేయొద్దు.

కర్నూలు_వకీలు | రాత్రి 11:59

మెయిల్‌లో తీసుకుంటే ఇంకా మంచిది. అలాగే వేరే ఫ్లైటో డబ్బు వాపసో ఎంచుకోమని ఎయిర్‌లైన్ అడగొచ్చు. తనకు వెళ్లడమే ముఖ్యం కాబట్టి వాపసు కాగితం మీద తొందరపడి సంతకం పెట్టొద్దని చెప్పండి.

అనంత_కేడెట్ | అర్ధరాత్రి 12:14

టాపిక్ కొంచెం పక్కకు పోతుంది, క్షమించండి. పాత_టవర్ సార్, నేను ఆర్‌టీఆర్ (విమాన రేడియోలో మాట్లాడటానికి లైసెన్సు) పరీక్షకు చదువుతున్నాను. లైవ్‌ఏటీసీ వింటూ ప్రాక్టీస్ చేస్తుంటాను. ఇక్కడ కూర్చుని అది వినడం తప్పేమీ కాదు కదా? అమెరికా ఫీడ్ వినడం వల్ల పరీక్షలో దెబ్బ తింటానా?

కర్నూలు_వకీలు | అర్ధరాత్రి 12:20

మొదటి ప్రశ్న వరకు: అమెరికాలో చట్టబద్ధంగా పెట్టిన ఫీడ్‌ని ఇంటర్నెట్‌లో వినడం, మన గాల్లో మాటల్ని పరికరంతో పట్టుకోవడం రెండూ ఒకటి కావు. నా అవగాహనలో నీకు ఇబ్బంది లేదు. బెంగళూరు, హైదరాబాద్ రేడియో అని ఎవరైనా లింకు ఇస్తే మాత్రం దాని జోలికి పోవద్దు.

పాత_టవర్ | అర్ధరాత్రి 12:31

చెవి అలవాటు కావడానికి విను నాయనా, వేగం పట్టుబడుతుంది. నోటికి మాత్రం అది ఎక్కించుకోవద్దు. పరీక్షలో "పాయింట్" అంటే మార్కు పోతుంది, "ఆల్టిమీటర్" అంటే ఎగ్జామినర్ మొహం చిట్లిస్తాడు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో డాక్యుమెంట్ 9432 రేడియో టెలిఫోనీ మాన్యువల్ పెట్టుకో, దానితో పాటు డాక్యుమెంట్ 4444లో ఫ్రేజియాలజీ (రేడియోలో వాడాల్సిన నిర్ణీత మాటల) అధ్యాయం. రోజూ పైకి చదువు, గదిలో ఒక్కడివే ఉన్నా గట్టిగా చదువు. ఆర్‌టీఆర్ ఇదివరకు టెలికం శాఖ చేతిలో ఉండేది, 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ చట్టంతో డీజీసీఏకి మారింది. కాబట్టి పాత గైడ్‌లో ఉన్న దరఖాస్తు పద్ధతి చూసుకుని పోవద్దు, డీజీసీఏ సైట్ చూడు. మేడే, పాన్ పాన్ సందేశాల వరుస క్రమం తప్పకుండా అడుగుతారు: ఎవరిని పిలుస్తున్నావు, నువ్వెవరు, ఏం జరిగింది, ఏం చేయబోతున్నావు, ఎక్కడున్నావు, ఎంత ఎత్తులో ఉన్నావు. ఆదివారం ఫోరంలో మెసేజ్ పెట్టు, నేను కంట్రోలర్‌గా మాట్లాడతాను, నువ్వు పైలట్‌గా జవాబివ్వు.